యాసిడ్‌లో పెట్టిన ఎముక స్లైడు మొత్తం పింకే వస్తాంది, తప్పు యాడ జరుగుతాందో చెప్పండి

మద్దిలేటి_ల్యాబు (కర్నూలు), సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. కర్నూల్లో ఒక ప్రైవేటు ల్యాబులో టెక్నీషియన్‌గా చేస్తాండా. రక్తం, యూరిన్ పని ఆరేండ్లు చేసినాక రెండేండ్ల నుంచి హిస్టోపాథాలజీ, అంటే ఒంట్లోంచి తీసిన ముక్కలను కోసి స్లైడు చేసే పని కూడా నామీదనే పడింది. గాల్‌బ్లాడరు, గర్భసంచి, అపెండిక్సు, గడ్డలు ఇవన్నీ బాగానే వస్తాయి, స్లైడు చూసి రిపోర్టు రాసే మా మేడమ్ ఎప్పుడూ వంక పెట్టలేదు. ఎముక వస్తేనే నాకు గుండె దడ. నెలకు ఒకటో రెండో వస్తాయి. పోయిన మూడు ఎముకలూ ఒకటే కథ, స్లైడు మొత్తం పింకే, న్యూక్లియస్ ఉండాల్సిన చోట నీలం చుక్క లేదు, ఉత్త నీడ మాదిరి కనపడతాంది.

నేను చేసేది ఇది. ఒక రోజు ముక్క చెడిపోకుండా కాపాడే ఫార్మలిన్‌లో పెట్టి, తర్వాత 10 శాతం నైట్రిక్ యాసిడ్‌లో వేస్తా, నాకు పని నేర్పినాయన అట్లనే నేర్పినాడు. కాల్షియం పోయిందా లేదా అని అమ్మోనియం ఆక్సలేట్ టెస్టు చేస్తా. అది ఎప్పుడు చేసినా తెల్లగానే అవుతాది. తెల్లగా అయిందంటే ఇంకా కాల్షియం ఉన్నట్టే గదా, అందుకని యాసిడ్ మార్చి మళ్ళీ పెడతా, మళ్ళీ చూస్తే మళ్ళీ తెలుపే. అట్లా నాలుగు రోజులు, ఒకసారి ఐదు రోజులు కూడా ఉంచినా.

పోయిన వారం వచ్చింది ఇంటర్ చదివే పిల్లోనిది, మోకాలికి కొంచెం పైన తొడ ఎముక నుంచి తీసిన ముక్క. మేడమ్ మైక్రోస్కోపు కాడ చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత దీన్ని చూసి నేనేం రాయలేను మద్దిలేటీ, మళ్ళీ ముక్క అడగాల అనింది. ఆ పిల్లోని నాయన కౌంటరు కాడికి వచ్చినాడు, ఉల్లిగడ్డ రైతు, గోర్లలో ఎర్రమట్టి ఇంకా పోలేదు. అంత కోసి తీసిచ్చిన ముక్క యాడ పోయింది సామీ అని అడిగినాడు. గట్టిగా కూడా అడగలేదు. నాకు చెప్పేదానికి నోరు రాలేదు. రెండు రోజుల నుంచి అన్నం సయించడం లేదు. దయచేసి ఎవరైనా తెలిసినోళ్ళు చెప్పండి, రెండో ముక్క ఈ వారంలోనే వస్తాది.

కొండారెడ్డిబురుజు (కర్నూలు), సోమవారం రాత్రి 9:30

నాలుగు రోజులు నైట్రిక్‌లోనా అన్నా!! మేము ఒక రోజు దాటనియ్యం, మహా అయితే రెండు. ఇంక స్లైడులో ఏం మిగులుతుంది.

నీలిన్యూక్లియస్ (అనంతపురం), సోమవారం రాత్రి 10:05

నేను పాథాలజీ డాక్టర్ని. మద్దిలేటి గారూ, ముందు మీరు దాచకుండా రాసినందుకు సంతోషం, చాలామంది ఇలాంటి బ్లాకు (మైనంలో పొదిగిన ముక్క) పక్కన పడేసి ఊరుకుంటారు.

ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఖనిజం, హైడ్రాక్సీఅపటైట్, అంటే కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన గట్టి స్ఫటికం. మిగతాది ఎక్కువగా కొల్లాజెన్, దాని మధ్యలో కణాలు. మనం మైక్రోటోమ్ అనే కోత మిషన్ మీద మూడు నాలుగు మైక్రాన్ల మందంతో కొయ్యాలి, ఖనిజం ఉంటే బ్లేడు అంచు దెబ్బతింటుంది, సెక్షను (కోసిన పల్చటి పొర) చిరుగుతుంది. అందుకే యాసిడ్‌తో కాల్షియాన్ని కరిగించి కొల్లాజెన్‌ను, కణాలను మిగుల్చుకుంటాం. కానీ యాసిడ్‌కు కాల్షియం ఒక్కటే కనపడదు కదా. న్యూక్లియస్‌లోని డీఎన్ఏను కూడా అది మెల్లగా విరగ్గొడుతుంది. నీలం రంగు వేసే హెమటాక్సిలిన్ పట్టుకునేది ఆ డీఎన్ఏ ఫాస్ఫేట్లనే. డీఎన్ఏ కరిగి బయటికి పోయాక మీరు హెమటాక్సిలిన్‌లో గంట ఉంచినా అది పట్టుకోడానికి అక్కడ ఏమీ ఉండదు, పింకు రంగు ఈఓసిన్ మాత్రం బాగా పడుతుంది, అందుకే అంతా పింకు.

మోకాలి చుట్టూ, పదికీ ఇరవైకీ మధ్య వయసులో ఎముక గడ్డ అంటే మేము మొదట ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సరు ఉందా లేదా అని చూస్తాం. ఆ పిల్లవాడిది అదే అని నేను అనడం లేదు, ఇన్ఫెక్షన్ కావచ్చు, మామూలు గడ్డ కావచ్చు. కానీ ఏది ఏది అని తేల్చేది న్యూక్లియస్ ఆకారమే, అది లేకపోతే మాకు కళ్ళకు గంతలు కట్టినట్టే.

కొన్ని అడుగుతాను చెప్పండి. ముక్క ఎంత మందం? ఎంత యాసిడ్ పోస్తారు? ఆ గదిలో ఎండ ఎలా ఉంటుంది? అసలు నైట్రిక్కే ఎందుకు, ఫార్మిక్ యాసిడ్ దొరకలేదా?

మద్దిలేటి_ల్యాబు (కర్నూలు), సోమవారం రాత్రి 10:41

మేడమ్ నమస్తే. ముక్క వచ్చింది వచ్చినట్టే వేస్తా, ఇది ఒక సెంటీమీటరు మందం పైనే ఉండె. చిన్న బాటిల్‌లో 40 మిల్లీలీటర్లు పోసినా, అడుగున పడి ఉంటాది. రెండు రోజులకొకసారి మారుస్తా. ఏసీ రక్తం మిషన్ల రూములో ఉంది, హిస్టో రూములో లేదు, మేడ మీద రేకుల పక్కన, పగలు ఫ్యాను గాలి కూడా వేడే. ఫార్మిక్ గురించి విన్నా కానీ మా కాడ నైట్రిక్ బాటిలే ఉండె, అదే నీళ్ళు కలిపి వాడతాండా.

పాతబండ (కడప), మంగళవారం తెల్లవారి 5:20

తమ్ముడూ మద్దిలేటీ, నేను 31 ఏండ్లు ఇదే పని చేసి రిటైరైనోణ్ణి, నిద్ర లేచి నీ రాత చూసినా, టీ కూడా తాగకుండా రాస్తాండా. నీ లెక్కలో ఒకటి కాదు, నాలుగైదు తప్పులుండాయి, ఒక్కొక్కటి విను.

ముక్కను వచ్చింది వచ్చినట్టు వెయ్యగూడదు. ఫార్మలిన్‌లో ఒక రోజు పెట్టినాక సన్న పండ్ల రంపంతో మూడు నాలుగు మిల్లీమీటర్ల బిళ్ళలుగా కొయ్యాల, కోసినాక ఆ రంపం పొట్టు బ్రష్షుతో, నీళ్ళతో కడగాల, లేకపోతే ఆ పొడి స్లైడులో నల్లగా అడ్డం పడతాది. కోసి మళ్ళీ ఇంకొక రోజు ఫార్మలిన్‌లో ఉంచాల. ఎముక గట్టిది, ఫార్మలిన్ లోపలికి పోయేదానికి టైము పడతాది, లోపల ఫిక్స్ కాని, అంటే ఫార్మలిన్ పట్టి గట్టిపడని కణం యాసిడ్‌కు దొరికిందంటే అంతే, చాలా తొందరగా చెడిపోతాది. ఫిక్సేషన్ సరిగ్గా లేని ఎముకను యాసిడ్‌లో ఎయ్యడం కంటే ఆ రోజు రిపోర్టు లేటని తిట్టించుకోవడం మేలు.

ఇంక నువ్వు అడుగున పడేసినావు. ఎముక నుంచి కరిగిన కాల్షియం బరువుగా కిందికి దిగి అడుగున కూర్చుంటాది, అంటే నీ ముక్క చుట్టూ ఉండేది సత్తువ ల్యాని యాసిడ్. మేము ఏం చేస్తా వుంటిమంటే గాయానికి కట్టే పల్చటి గాజు గుడ్డ చిన్న మూటగా కట్టి, దారం కట్టి, బాటిల్ నోటికి వేలాడదీసేవాళ్ళం, ముక్క యాసిడ్ నడుమ ఉండాల, ఏ పక్కా గోడకు తగలకూడదు. లేబులు పెన్సిల్‌తో రాసి ఆ మూటలోనే పెట్టాల, పెన్ను ఇంకు యాసిడ్‌లో మాయమైపోతాది. ముక్క పెట్టే డబ్బీ, అదే క్యాసెట్టు, ఇనుపది వాడగూడదు. యాసిడ్ ముక్కకు కనీసం ఇరవై రెట్లు, వీలైతే ఇంకా ఎక్కువ, రోజూ మార్చాల, పొద్దున సాయంత్రం ఒకసారి బాటిల్‌ను మెల్లగా కదిలించాల.

ఎండ సంగతి. పుస్తకాల్లో గది వేడి అని రాసినారంటే అది మన గది కాదబ్బా. మే నెలలో కడపలో, కర్నూల్లో బయట 42, 43 ఉంటే రేకుల పక్కన గది అంటే అది ఇంక్యుబేటరే. వేడి ఎక్కితే యాసిడ్ పని ఎక్కువ చేస్తాది, కాల్షియం మీదా, కణం మీదా. నేను ఎండాకాలంలో ఆ బాటిళ్ళను మంచినీళ్ళ కుండ పక్కన తడి ఇసక తొట్టిలో పెట్టేవాణ్ణి, రోజూ రెండు పూటలా చూసేవాణ్ణి. చలికాలంలో రెండు రోజులు పట్టే ముక్క ఎండల్లో ఒక్కరోజులో అయిపోయేది.

యాసిడ్ ఎట్లాంటిదో నాకు ఎవరూ చెప్పల్యా, మా ల్యాబు గట్టు చెప్పింది. కడప బండ పరిచిన గట్టు, నల్లగా నిగనిగలాడేది. నేను చేరిన మొదటి నెలలో నైట్రిక్ పోస్తావుంటే నాలుగు చుక్కలు పడినాయి, బుస్సుమని సన్న నురుగు లేచింది. తుడిచి చూస్తే నాలుగు తెల్ల మచ్చలు, మళ్ళీ ఎంత నూనె రుద్దినా పోల్యా, నేను రిటైరైన రోజు కూడా ఉండాయి. మన బండా సున్నపురాయే, దాంట్లో ఉండేదీ కాల్షియమే. ఇంట్లో ఆ బండ మీద నిమ్మకాయ కోసి అట్లే వదిలేస్తే పొద్దునకు వెలిసిపోతాది చూడు, అదే పని ఎముక లోపల జరుగుతాది.

కొండారెడ్డిబురుజు (కర్నూలు), మంగళవారం ఉదయం 7:48

పెద్దాయనా, మా ఇంట్లో బేతంచెర్ల బండల మీద బాత్రూం యాసిడ్ పోసినప్పుడు కూడా ఇదే నురుగు. ఇన్నాళ్ళూ మురికి పోతాంది అనుకున్నాం, బండే పోతాందన్నమాట.

పత్తిచేను (ఆదోని), మంగళవారం ఉదయం 8:15

నేను ల్యాబు మనిషిని కాదు, వెతుకుతుంటే ఇది కనిపించింది. మా అమ్మకు నడుము వెనక ఎముకలో సూది గుచ్చి మూలుగ ముక్క తీసినారు, తొమ్మిది రోజులైంది, రిపోర్టు రాలేదు. మా పక్కింటామెకు మెడ మీద గడ్డ ముక్క తీస్తే మూడు రోజుల్లో ఇచ్చినారు. మాది ఎవరన్నా పోగొట్టినారేమో అని రాత్రుళ్ళు నిద్ర లేదు. ఎముక అయితే ఇంత లేటవుతుందా?

నీలిన్యూక్లియస్ (అనంతపురం), మంగళవారం మధ్యాహ్నం 1:30

పత్తిచేను గారూ, భయపడకండి, మెత్తటి గడ్డకూ ఎముకకూ తేడా ఇదే. గడ్డ ముక్క ఫార్మలిన్ నుంచి నేరుగా ప్రాసెసింగ్‌కు, అంటే నీళ్ళు తీసి మైనం ఎక్కించే పనికి పోతుంది. ఎముక మూలుగ ముక్క అగ్గిపుల్ల అంత సన్నగా ఉంటుంది, రెండు సెంటీమీటర్ల పొడవు ఉంటే మాకు మంచిది, దాన్ని కూడా కాల్షియం తీసేసే ద్రవంలో పెట్టాలి. యాసిడ్ అయితే కొన్ని గంటల్లో అవుతుంది కానీ చాలా చోట్ల మూలుగ ముక్కకు ఈడీటీఏ అనే మందు వాడతారు, అది యాసిడ్ మాదిరి కరిగించదు, కాల్షియాన్ని ఒక్కో అణువు చొప్పున పట్టుకుని బయటికి తెస్తుంది, అందుకే రోజులు పడుతుంది కానీ కణాలు చెక్కు చెదరవు. ఆ తర్వాత కణం ఏ రకమో తేల్చే ఐహెచ్‌సీ అనే ప్రత్యేక రంగులు కూడా వెయ్యాల్సి వస్తే ఇంకో రెండు మూడు రోజులు. తొమ్మిది రోజులంటే ముక్క పోయిందని కాదు. ల్యాబుకు ఫోన్ చేసి ముక్క ఏ దశలో ఉంది అని అడగండి, అడిగే హక్కు మీకుంది, చెప్పాల్సిన పని వాళ్ళది.

మద్దిలేటి గారూ, పాతబండ గారు చెప్పినవి అక్షరాలా పాటించండి. నా తరఫున ఒకటి కలుపుతాను, ఇది చాలామంది మర్చిపోయేది. ఎముక బయాప్సీ అని కవరు మీద రాసినంత మాత్రాన డబ్బాలో ఉన్నదంతా ఎముక కాదు. ఫోర్సెప్స్‌తో నొక్కి చూడండి, మెత్తగా ఉన్న ముక్కలు వేరు చేసి యాసిడ్ అంటించకుండా వేరే క్యాసెట్టులో నేరుగా ప్రాసెసింగ్‌కు పంపండి. గడ్డలో అసలైన కణాలు చాలాసార్లు ఆ మెత్తటి భాగంలోనే ఉంటాయి. రొమ్ము క్యాన్సరు ఎముకకు పాకిన కేసుల్లో హెర్2 అనే జన్యువు కోసం ఫిష్ టెస్టు, ఊపిరితిత్తుల క్యాన్సరులో జన్యు పరీక్ష అడుగుతారు, నైట్రిక్ లాంటి బలమైన యాసిడ్‌లో ఉన్న ముక్క మీద అవి నమ్మడానికి లేదు. ఆ చిన్న మెత్తటి ముక్కే రోగికి ఏ మందు అన్నది తేలుస్తుంది.

స్పీడ్‌స్లైడ్ (అనంతపురం), మంగళవారం సాయంత్రం 6:02

అన్నీ బాగున్నాయి కానీ ప్రైవేటు ల్యాబుల కష్టం కూడా చూడండి. సర్జన్ సార్ మూడో రోజు నుంచే ఫోన్లు, ఓనరేమో పక్క ల్యాబు ఇచ్చేసింది మనమెందుకు ఇయ్యలేదు అని. ఈడీటీఏలో మూడు వారాలు పెడితే పేషెంటు వేరే ఊరు పోతాడు. మేము బాటిల్‌ను పారఫిన్ మైనం కరిగించే 60 డిగ్రీల ఓవెన్‌లో పెడతాం, పొద్దున పెడితే సాయంత్రానికి అయిపోతుంది, ఎవరూ ఏమీ అనలేదు ఇంతవరకు.

పాతబండ (కడప), మంగళవారం రాత్రి 7:10

అబ్బయ్యా, 60 డిగ్రీల యాసిడ్‌లో అది కాల్షియం తీయడం కాదు, ఉడకబెట్టడం. కణం వాచిపోతాది, కరిగిపోతాది. న్యూక్లియస్ రంగు వేసే ఫ్యూల్గెన్ పద్ధతిలో డీఎన్ఏను విరగ్గొట్టాలని కావాలనే 60 డిగ్రీల హైడ్రోక్లోరిక్‌లో నిమిషాలే పెడతారు, నువ్వు పూటంతా పెడతాండావు. ఎవరూ ఏమీ అనలేదంటే డాక్టరు కనపడినంతలో సర్దుకొని రాస్తాండాదేమో, ఒకసారి పక్కన కూచుని స్లైడు చూపించమని అడుగు.

నీలిన్యూక్లియస్ (అనంతపురం), మంగళవారం రాత్రి 7:44

స్పీడ్‌స్లైడ్ గారి తొందర నిజమే, దాన్ని కాదనను. వెన్నుపూసలో టీబీ అనుమానం ఉండి కాళ్ళు చచ్చుబడుతున్న మనిషికి మూడు వారాలు ఆగమని చెప్పలేం. అందుకే అన్నిటికీ ఈడీటీఏ అని నేను అనను. రోజువారీ పనికి 5 నుంచి 10 శాతం ఫార్మిక్ యాసిడ్ నడిమి దారి, సన్నగా కోసిన మెత్తటి గుల్ల ఎముక అయితే ఒకటి నుంచి మూడు రోజులు, గట్టి పైపొర ఎముక ఇంకొంచెం. ముక్క చాలినంత ఉంటే రెండుగా చేసి ఒకటి ఫార్మిక్‌లో, ఇంకొకటి ఈడీటీఏలో పెట్టండి, మొదటిదానితో రిపోర్టు, రెండోది తర్వాతి పరీక్షలకు. ఓవెన్ మాత్రం వద్దు, దయచేసి ఆపెయ్యండి.

స్పీడ్‌స్లైడ్ (అనంతపురం), మంగళవారం రాత్రి 8:20

సరే మేడమ్. రేపు మా సార్‌తో కూచుని పాత స్లైడులు చూస్తా.

పంటిపొర (కడప), మంగళవారం రాత్రి 9:05

నేను డెంటల్‌లో ఓరల్ పాథాలజీ పీజీ చేస్తున్నా. మాకు పన్ను ఇంకా కష్టం, ఎనామెల్, అంటే పంటి తెల్లటి పైపొర, బరువులో 96 శాతం దాకా ఖనిజమే, యాసిడ్‌లో పెడితే ఎనామెల్ మొత్తం మాయం, స్లైడులో ఆ చోటు ఖాళీగా కనిపిస్తుంది. ఎనామెల్ కావాలంటే యాసిడ్ జోలికి పోకుండా పన్నును రాయి మీద అరగదీసి గ్రౌండ్ సెక్షన్ చేస్తాం.

రెండు మాటలు. ఒకటి, ఎవరైనా హైడ్రోక్లోరిక్ వాడితే ముక్కను ఫార్మలిన్ నుంచి తీసి నీళ్ళలో బాగా కడిగాకే వెయ్యండి, ఆ రెండూ కలిస్తే బిస్ క్లోరోమిథైల్ ఈథర్ పుట్టే ప్రమాదం ఉంది, అది క్యాన్సరు తెచ్చే పదార్థం. రెండోది, కాల్షియం పోయిందా అని చూడ్డానికి మేము పంటి ఎక్స్‌రే మిషన్ వాడతాం, చిన్న ఫిల్మ్ మీద ముక్క పెట్టి తీస్తే లోపల ఎక్కడ తెల్ల చుక్క మిగిలిందో కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. అన్నిటికంటే నమ్మకమైనది అదే. సూది గుచ్చి చూడ్డం, వంచి చూడ్డం మానెయ్యండి, స్లైడులో ఆ సూది దారులు కనిపిస్తాయి.

మద్దిలేటి గారూ, నాకు ఒకటి అర్థం కావడం లేదు. మీ ముక్క ఒక సెంటీమీటరు అయినా ఐదో రోజు కూడా ఆక్సలేట్ టెస్టు మొదటి రోజంత తెల్లగా ఎందుకు వచ్చింది? కనీసం తగ్గాలి కదా.

మద్దిలేటి_ల్యాబు (కర్నూలు), మంగళవారం రాత్రి 9:37

అదే మేడమ్ నాకూ. మొదటి రోజు పెరుగు మాదిరి చిక్కగా అవుతాది, రెండో రోజు యాసిడ్ మార్చినాక తగ్గుతాది, ఆ తర్వాత ఇంక తగ్గదు, పల్చటి మజ్జిగ మాదిరి అట్లే నిలబడిపోతాది. ఆ మజ్జిగ పోతుందేమో అని ఎదురు చూస్తా రోజులు పొడిగిస్తాండా.

లిట్మస్ (కర్నూలు), మంగళవారం రాత్రి 10:15

నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తా, ఎముకల పని తెలీదు, కానీ ఆ నిలబడిపోయే మజ్జిగ నాకు తెలుసు అనిపిస్తోంది. మద్దిలేటీ, నైట్రిక్‌లో నీళ్ళు కలుపుతా అన్నావు పైన. ఏ నీళ్ళు?

మద్దిలేటి_ల్యాబు (కర్నూలు), మంగళవారం రాత్రి 10:19

ట్యాంకు నీళ్ళు సార్, బోరువి. డిస్టిల్డ్ వాటర్ బయోకెమిస్ట్రీ వాళ్ళకే చాలదు అని మాకు ఇయ్యరు.

లిట్మస్ (కర్నూలు), మంగళవారం రాత్రి 10:50

అయితే దొరికింది. మన బోరు నీళ్ళు సున్నపురాయి పొరల్లోంచి వచ్చేవి, ఇంట్లో గీజరు రాడ్డు మీద, కుక్కరు అడుగున తెల్లటి గార కట్టేది ఏమనుకున్నావు, అది కాల్షియమే. అమ్మోనియం ఆక్సలేట్‌కు ఆ కాల్షియం ఎముక నుంచి వచ్చిందా బోరు నుంచి వచ్చిందా తెలీదు, ఎక్కడిదైనా పట్టుకుని కాల్షియం ఆక్సలేట్‌గా తెల్లగా విరుగుతుంది. నీ ఎముకలో కాల్షియం బహుశా రెండో రోజే అయిపోయింది, తర్వాత నువ్వు చూసిందంతా నీ బోరు నీళ్ళ కాల్షియం. యాసిడ్ మార్చిన ప్రతిసారీ కొత్త కాల్షియం నువ్వే తెచ్చి పోశావు.

ఊరికే నా మాట నమ్మొద్దు, బ్లాంక్ పెట్టు. ఎముక తగలని తాజా యాసిడ్ బోరు నీళ్ళతో కలిపింది ఒక ట్యూబులో, డిస్టిల్డ్‌తో కలిపింది ఇంకో ట్యూబులో, రెండింటికీ అదే టెస్టు చేసి అరగంట ఆగి చూడు. ట్యూబులు కూడా డిస్టిల్డ్‌తోనే కడుగు. కలిపేటప్పుడు నీళ్ళలో యాసిడ్ పొయ్యి, యాసిడ్‌లో నీళ్ళు పొయ్యకు.

పాతబండ (కడప), బుధవారం తెల్లవారి 5:05

లిట్మస్ సారూ, నాకు ఈ మాట తోచనే ల్యా. మాకు డిస్టిలేషన్ ప్లాంటు పక్క గదిలోనే ఉండె, ఏ నీళ్ళు అని అడగాల్సిన పనే పడల్యా 31 ఏండ్లు.

మద్దిలేటి_ల్యాబు (కర్నూలు), బుధవారం రాత్రి 8:55

చేసినా సార్.

పొద్దున షాపు తెరవకముందే పోయి నిలబడి డిస్టిల్డ్ వాటర్ ఐదు లీటర్ల క్యాను నా డబ్బులతోనే కొనుక్కొచ్చినా. మధ్యాహ్నం అందరూ అన్నానికి పోయినాక రెండు ట్యూబులు పెట్టినా. ఒక్కోదాంట్లో 5 మిల్లీలీటర్లు యాసిడ్, లిట్మస్ కాగితం ముక్క వేస్తే రెండింట్లో ఎర్రగా అయింది. అమ్మోనియా చుక్క చుక్కగా వేసి కదిలిస్తా ఉంటే కాగితం నీలం తిరిగింది. అంతవరకు రెండూ ఒకేలాగ తేటగానే ఉండాయి. తర్వాత అమ్మోనియం ఆక్సలేట్ 5 మిల్లీలీటర్లు పోసి కిటికీ కాడ వెలుగులో పెట్టి నల్ల కాగితం వెనక పట్టుకొని చూస్తాన్నా.

ఐదు నిమిషాలు కూడా పట్టల్యా. ఎడమ పక్క ట్యూబులో పొగ మాదిరి సన్నగా మొదలై మొత్తం పరుచుకుంది. అదే మజ్జిగ. నేను రోజూ చూసిన మజ్జిగ, దాంట్లో ఎముక లేదు సార్, ఎముక వాసన కూడా తగల్లేదు దానికి. కుడి పక్కది అరగంట అయినా వెనక నల్ల కాగితం మీద గీత కనపడేంత తేట.

అట్లే కుర్చీలో కూచుండిపోయినా. ఆ పిల్లోని ముక్కలో రెండో రోజే కాల్షియం పోయింటాది. తర్వాత రెండు రోజులు నేను ఊరికే యాసిడ్‌లో నానబెట్టినా.

మా మేడమ్‌కు చూపించినా, ఆమె రెండు ట్యూబులూ చేతిలోకి తీసుకొని వెలుగుకు పెట్టి చూసింది, ఓనర్‌ను పిలిపించి ఇంక హిస్టోకు డిస్టిల్డ్ వాటర్ విడిగా రావాల అని గట్టిగా చెప్పింది. ఫార్మిక్ యాసిడ్ కూడా రాసిచ్చింది.

పాత బ్లాకు ఏమన్నా బాగవుతుందా మేడమ్?

నీలిన్యూక్లియస్ (అనంతపురం), బుధవారం రాత్రి 9:40

ప్రయత్నం చెయ్యండి, ఆశ తక్కువ పెట్టుకోండి. పాత బ్లాకు నుంచి కొత్త సెక్షన్లు తీసి, పారఫిన్ పోయాక సోడియం బైకార్బనేట్ నీళ్ళలో కొంతసేపు ఉంచి, కడిగి, హెమటాక్సిలిన్ మామూలుకు రెండు మూడింతలు టైము ఇవ్వండి, వైగర్ట్ ఐరన్ హెమటాక్సిలిన్ ఉంటే అదింకా మంచిది, ఈఓసిన్ బాగా తగ్గించండి. లోపల యాసిడ్ మిగిలి ఉండటం వల్ల రంగు పట్టకపోతే దీంతో కొంత తేరుకుంటుంది. డీఎన్ఏనే పోయి ఉంటే రాదు.

కొత్త ముక్క వచ్చాక చివరి పని మర్చిపోవద్దు. టెస్టు తేటగా వచ్చిన వెంటనే తీసి, పారే నీళ్ళలో బాగా కడిగి ఆ తర్వాతే ఆల్కహాల్‌కు. కడగడానికి బోరు నీళ్ళు పర్వాలేదు, టెస్టు అయిపోయింది కాబట్టి. బ్లాకు కోసేటప్పుడు ఇంకా ఒక చోట గట్టిగా తగిలితే ముక్క మొత్తాన్ని వెనక్కి తియ్యకండి, బ్లాకు ముఖాన్ని 10 శాతం ఫార్మిక్‌లో తడిపిన దూది మీద అరగంట బోర్లా పెట్టి, కడిగి, ఐస్ మీద చల్లార్చి కొయ్యండి, పైన కొన్ని మైక్రాన్లు మెత్తబడుతుంది, అవి పోకముందే సెక్షన్లు పట్టుకోవాలి.

ఇంకొకటి, మిగిలిన నైట్రిక్‌ను ఆల్కహాల్, జైలీన్ పారబోసే క్యాన్‌లో ఎప్పుడూ కలపకండి. నైట్రిక్, ఆల్కహాల్ కలిస్తే వేడెక్కి పేలే ప్రమాదం ఉంది.

కొండారెడ్డిబురుజు (కర్నూలు), గురువారం ఉదయం 8:30

లిట్మస్ సార్, ఇన్వర్టరు బ్యాటరీకి పోసే నీళ్ళు వాడొచ్చా? మాకు అదే సులభంగా దొరుకుతాది. లేకపోతే ఆర్వో క్యాను?

లిట్మస్ (కర్నూలు), గురువారం మధ్యాహ్నం 2:10

ఆర్వోలో కాల్షియం తగ్గుతుంది కానీ మొత్తం పోదు. బ్యాటరీ నీళ్ళు ఒక్కో షాపులో ఒక్కోలా ఉంటాయి. ఏ క్యాను తెచ్చినా మూత తియ్యగానే మద్దిలేటి చేసిన బ్లాంక్ ఒకటి చెయ్యి, తేటగా ఉంటే వాడు. అరగంట పని.

పత్తిచేను (ఆదోని), శుక్రవారం సాయంత్రం 5:25

డాక్టరమ్మా, ఫోన్ చేసినా. ముక్క ఈడీటీఏలోంచి నిన్ననే తీసినారంట, సోమవారం రమ్మన్నారు. ఆ మాట ముందే ఒకరు చెప్పింటే పది రోజులు ఇట్లా ఉండేవాళ్ళం కాదు. మీకు దండాలు.

మద్దిలేటి_ల్యాబు (కర్నూలు), తర్వాతి వారం గురువారం రాత్రి 10:02

రెండో ముక్క శనివారం వచ్చింది. సర్జన్ సార్ ఈసారి కొంచెం ఎక్కువే పంపినాడు. మెత్తటిది రెండు చిన్న ముక్కలు దొరికితే వేరు చేసి నేరుగా పంపినా. గట్టిది ఆ రోజంతా ఫార్మలిన్‌లో ఉంచి, ఆదివారం సెలవైనా వచ్చి, మూడు మిల్లీమీటర్ల బిళ్ళలు కోసి, పొట్టు కడిగి, మళ్ళీ ఫార్మలిన్. సోమవారం పొద్దున 5 శాతం ఫార్మిక్ డిస్టిల్డ్ నీళ్ళతో కలిపి పెద్ద బాటిల్‌లో మూట కట్టి వేలాడదీసినా, పాతబండ అన్న చెప్పినట్టే దారంతో. బాటిల్‌ను ఏసీ రూములో ఒక మూలకు పెట్టించుకున్నా. మంగళవారం టెస్టు తెల్లగా వచ్చింది, ద్రవం మార్చినా. బుధవారం పొద్దున కొంచెం పొగ మాదిరి, మళ్ళీ మార్చినా. బుధవారం సాయంత్రం ఆరు గంటలకు నల్ల కాగితం మీద గీత కనపడింది. వెంటనే తీసి కడిగి ప్రాసెసింగ్‌కు పెట్టినా.

ఈ రోజు సాయంత్రం స్లైడులు ఇచ్చినా. మేడమ్ చూసి నన్ను కూడా చూడమనింది. నీలంగా ఉండాయి. ప్రతి ఒక్కటి, అంచు కూడా తెలుస్తాంది, పక్కనే పింకు ఎముక. రిపోర్టులో ఏముందో నేను ఇక్కడ రాయకూడదు, మేడమ్ రాసేసింది, రేపు పొద్దున వాళ్ళ చేతికి పోతాది. పాత బ్లాకు మీరు చెప్పినట్టు చేసినా, రంగు కొంచెమే వచ్చింది, చదివేంత రాలేదు.

పింకుగా వచ్చినవి ఇంకా రెండు ఉండాయని పైన రాసినా గదా. రిజిస్టరు తీసి మేడమ్‌కు చూపించినా, ఒకటి ఆడమనిషి, 58 ఏండ్లు, ఇంకోటి వెన్నుపూస. రెండింటికీ కాల్షియం తీసినందువల్ల వివరంగా చెప్పలేం అని రిపోర్టు ఇచ్చి ఊరుకున్నాం. మేడమ్ రేపు ఆ ఇద్దరు డాక్టర్లకూ ఫోన్ చేస్తానంది, నేను పేషెంటు నంబర్లు రాసిచ్చినా.

పంటిపొర (కడప), గురువారం రాత్రి 10:20

మద్దిలేటి గారూ, ఆ రెండు ట్యూబుల ఫోటో తీశారా? ఉంటే పెట్టండి, మా జూనియర్లకు చూపిస్తా.

మద్దిలేటి_ల్యాబు (కర్నూలు), గురువారం రాత్రి 10:26

తీసినా మేడమ్, ఇప్పుడే పెడతాండా. ఎడమ పక్కది బోరు నీళ్ళు.